డ్రిప్ హెడ్ యూనిట్‌లో బైపాస్ వాల్వు: అమరిక, వాడకం, జాగ్రత్తలు

బోరు కింద డ్రిప్ వేసుకున్న పొలంలో రైతు రోజూ చేతితో తిప్పే వాల్వుల్లో బైపాస్ వాల్వు ఒకటి. దాన్ని ఎంత తిప్పాలి, ఎప్పుడు తిప్పాలి అనేది మాత్రం చాలాచోట్ల అంచనా మీదే నడుస్తుంది. కంపెనీ మనిషి వచ్చి అమర్చిన రోజు ఎలా పెట్టాడో ఏళ్ల తరబడి అలాగే వదిలేసేవారు కొందరు. లేటరల్ పైపులు ఊడిపోతున్నాయని పూర్తిగా తెరిచేసేవారు కొందరు. నీళ్లు వృథా పోతున్నాయని పూర్తిగా మూసేసేవారు మరికొందరు. ఈ మూడు పద్ధతుల్లోనూ నష్టం చివరి వరుసల్లోని మొక్కలకే.

చివరి చెట్లు వాడుతుంటే బోరులో నీళ్లు తగ్గాయనుకుని కొత్త బోరుకు సిద్ధపడటం మామూలైపోయింది. ఆ ఖర్చుకు ముందు ఒక ప్రెషర్ గేజి పెట్టి బైపాస్ వాల్వును, ఫిల్టరును చూసుకోవాలి. అలాగే డ్రిప్ బోరు నుంచే ఇంటికి, పశువుల తొట్టికి నీళ్లు తీసుకునేవారు ఎరువు నీళ్లు ఆ లైనులోకి రాకుండా చూసుకోవడం మరింత ముఖ్యం. ఈ రెండు విషయాలను ఇక్కడ వివరంగా తెలుసుకుందాం.

బైపాస్ వాల్వు ఎందుకు?

మోటారు ఎత్తిపోసే నీరు, డ్రిప్పర్లు తీసుకునే నీరు ఎప్పుడూ సమానంగా ఉండవు. ఎక్కువైన నీటికి దారి లేకపోతే పైపుల్లో ప్రెషరు పెరుగుతుంది. ఆ ఎక్కువ నీటిని ఫిల్టరుకు ముందే పక్కకు మళ్లించి, లైనులో కావలసినంత ప్రెషరు మాత్రమే నిలిపేది బైపాస్ వాల్వు.

ఒక ఉదాహరణ చూద్దాం. మోటారు గంటకు 12,000 లీటర్లు పోస్తుందనుకుందాం.

- టమాటాలో లేటరల్ పైపుల మధ్య 1.2 మీటర్లు, డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్లు ఉంటే ఎకరానికి సుమారు 8,400 డ్రిప్పర్లు వస్తాయి. ఒక్కొక్కటి గంటకు 2 లీటర్లు ఇచ్చేదైతే ఎకరానికి గంటకు సుమారు 16,900 లీటర్లు కావాలి. ఈ మోటారు ఎకరం మొత్తానికి ఒకేసారి ప్రెషరు ఇవ్వలేదు. 70 సెంట్ల సెక్షన్‌కు సరిపోతుంది. అప్పుడు బైపాస్ దాదాపు మూసే ఉంటుంది.
- బత్తాయిలో (అనంతపురం వైపు చీనీ అంటాం) 6 మీటర్లకు 6 మీటర్ల దూరంలో ఎకరానికి 112 చెట్లు ఉంటాయి. చెట్టుకు గంటకు 8 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు నాలుగు పెడితే ఎకరానికి గంటకు సుమారు 3,600 లీటర్లు చాలు. ఎకరం మాత్రమే తెరిస్తే మిగిలిన 8,400 లీటర్లు బైపాస్ గుండా పోవాలి.

అదే మోటారు, అదే బోరు. పంట మారితే, సెక్షన్ మారితే బైపాస్ మారాలి. అందుకే ఒకసారి పెట్టి వదిలేసే వాల్వు కాదిది.

ఇదే లెక్క ఇంకో సంగతి కూడా చెబుతుంది. బైపాస్‌లో పోయే ప్రతి లీటరూ అప్పటికే వందల అడుగుల లోతు నుంచి తోడిన నీరు. బత్తాయిలో ఎకరం తెరిచి 8,400 లీటర్లు వెనక్కి పంపే బదులు మూడు ఎకరాలు కలిపి తెరిస్తే గంటకు సుమారు 10,750 లీటర్లు చెట్లకే పోతాయి. బైపాస్‌లో పోయేది 1,250 లీటర్లే. మోటారు నడిచే గంటలు కూడా మూడో వంతుకు తగ్గుతాయి. మెయిన్ పైపు, ఫిల్టరు సైజు అంత నీటికి సరిపోతాయో లేదో డిజైను కాగితంలో చూసుకుని సెక్షన్లు కలపాలి. ముందు సెక్షన్లను సరిగా జత చేసుకోవాలి. అప్పటికీ మిగిలిన నీటికే బైపాస్.

ప్రెషరు లెక్క

చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడిని మనం పొలంలో 'ఒక కిలో ప్రెషరు' అంటాం. ఇది 10 మీటర్ల, అంటే సుమారు 33 అడుగుల ఎత్తున్న నీటి బరువుకు సమానం.

మామూలు డ్రిప్పర్లు సాధారణంగా ఒక కిలో ప్రెషరు దగ్గర తమ మీద రాసినంత నీరు ఇస్తాయి. ప్రెషరు మారితే నీరూ మారుతుంది. గంటకు 4 లీటర్ల డ్రిప్పరు అర కిలో ప్రెషరు దగ్గర సుమారు 2.8 లీటర్లే ఇస్తుంది. రెండు కిలోల దగ్గర సుమారు 5.6 లీటర్లు ఇస్తుంది. అంటే మొదటి వరుసలో రెండు కిలోలు, చివరి వరుసలో అర కిలో ఉంటే మొదటి చెట్టుకు అందిన నీటిలో సగమే చివరి చెట్టుకు అందుతుంది. డ్రిప్ ద్వారా ఇచ్చే ఎరువు కూడా అదే లెక్కన సగమే అందుతుంది.

చదునైన పొలంలో చివరి ఫిల్టరు దాటిన తర్వాత సుమారు 1.5 కిలోలు, పొలం చివరి లేటరల్ కొసన ఒక కిలో ఉండేలా చూసుకోవాలి. పొలం ఎత్తుపల్లాలుగా ఉంటే, మెయిన్ పైపు చాలా దూరం పోతే హెడ్ దగ్గర ఇంకా ఎక్కువ కావాలి. మీ డిజైను కాగితంలో రాసిన అంకెను పాటించండి.

కాలాన్ని బట్టి బైపాస్ ఎందుకు మారాలో కూడా ఈ లెక్కతోనే తెలుస్తుంది. వానలు బాగా పడి బోరులో నీటిమట్టం 33 అడుగులు పైకి వస్తే, అంతే నీరు పోస్తున్నప్పుడు హెడ్ దగ్గర ప్రెషరు ఒక కిలో దాకా పెరుగుతుంది. 66 అడుగులు పైకి వస్తే రెండు కిలోలు. ఏప్రిల్‌లో సరిగా ఉన్న అమరికతోనే అక్టోబరులో జాయింట్లు ఊడిపోవడానికి ఇదే కారణం. అక్టోబరులో తెరిచిన బైపాస్‌ను అలాగే వదిలేస్తే ఏప్రిల్‌లో చివరి చెట్లు ఎండడానికీ ఇదే కారణం. వానాకాలం చివర ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి, ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి బైపాస్‌ను కొత్తగా సరిచేసుకోవాలి.

హెడ్ యూనిట్‌లో ఏది ఎక్కడ ఉండాలి?

మోటారు నుంచి పొలం వైపు వరుస ఇలా ఉండాలి.

1. మోటారు డెలివరీ పైపు, దాని మీద నాన్ రిటర్న్ వాల్వు (ఎన్‌ఆర్‌వీ), గాలి వాల్వు.
2. బైపాస్ వాల్వు. ఇంటికి లైను తీస్తే దాని టీ కూడా ఇక్కడే.
3. ఇంటికి లేదా పశువుల తొట్టికి నీళ్లు తీసేవారికి రెండో ఎన్‌ఆర్‌వీ.
4. బోరు నీటిలో ఇసుక వస్తుంటే హైడ్రోసైక్లోన్. బావి, కుంట నీరైతే నాచు, చెత్త పట్టే ఇసుక ఫిల్టరు.
5. వెంచురీ లేదా ఎరువుల ట్యాంకు.
6. జల్లెడ ఫిల్టరు లేదా డిస్క్ ఫిల్టరు. కరగని ఎరువు ముక్కలు కూడా ఇక్కడే ఆగుతాయి. అందుకే ఇది వెంచురీ తర్వాతే ఉండాలి.
7. సెక్షన్ వాల్వులకు పోయే మెయిన్ పైపు.

మొదటి ఫిల్టరుకు ముందు ఒక ప్రెషర్ గేజి, చివరి ఫిల్టరు తర్వాత ఒకటి ఉండాలి. మోటారు ఆపినా ముల్లు సున్నాకు రాని గేజిని నమ్మకూడదు, మార్చాలి. రెండు గేజిలు వేర్వేరుగా చూపిస్తున్నాయన్న అనుమానం ఉంటే ఒకే గేజిని రెండు చోట్లా మార్చి పెట్టి చూస్తే అసలు తేడా తెలుస్తుంది.

బైపాస్ పైపు డెలివరీ పైపు సైజుదే గానీ, దానికంటే ఒక సైజు చిన్నది గానీ ఉండాలి. ఖర్చు తగ్గుతుందని అరంగుళం, ముప్పావు అంగుళం పైపు పెడితే ఎక్కువ నీరు పోవలసినప్పుడు పోదు. కొద్దికొద్దిగా సరిచేయడానికి బాల్ వాల్వు కంటే గేటు వాల్వు మేలు. బాల్ వాల్వు ఉన్నవారు దాన్ని ఒక్కసారిగా తిప్పకూడదు. పారుతున్న నీరు ఒక్కసారిగా ఆగితే ఆ దెబ్బకు పైపు జాయింట్లు పగులుతాయి.

బైపాస్ నీరు ఎక్కడికి పోవాలి?

- బావి కింద డ్రిప్ అయితే తిరిగి బావిలోకే వదలవచ్చు. పైపు కొస నీటిలో మునిగి ఉండాలి, ఫుట్ వాల్వుకు దూరంగా ఉండాలి. పై నుంచి ధారగా పడితే గాలి బుడగలు పుట్టి మోటారు గాలి లాగుతుంది.
- బోరులోకి తిరిగి వదలకూడదు. పై నుంచి పడే నీరు బోరు గోడల మట్టిని కదిలిస్తుంది. బుడగలు, ఇసుక మళ్లీ పంపులోకి పోతాయి.
- బోరు ఉన్నవారు నీటి కుంటలోకి గానీ, తొట్టిలోకి గానీ, కాలువ ద్వారా పారించే గడ్డి మడికి గానీ, గట్టు మీది కొబ్బరి చెట్లకు గానీ మళ్లించుకోవచ్చు.
- బైపాస్ పైపు కొస ఎప్పుడూ తెరిచే ఉండాలి. దాని చివర ఫ్లోట్ వాల్వు పెట్టకూడదు. తొట్టి నిండి ఫ్లోట్ వాల్వు మూసుకుంటే బైపాస్ మూసినట్టే. ఆ ప్రెషరంతా లేటరల్ పైపుల మీద పడుతుంది.

బైపాస్‌ను సరిచేసే పద్ధతి

1. తడి పెట్టవలసిన సెక్షన్ వాల్వు పూర్తిగా తెరవాలి. బైపాస్ పూర్తిగా తెరవాలి. వెంచురీ వాల్వులు మూసి ఉంచాలి.
2. మోటారు వేయాలి. మొదట వచ్చే ఎర్రనీరు, ఇసుక నీరు బైపాస్ నుంచి బయటికి పోనివ్వాలి. నీరు తేటపడే దాకా ఆగితే ఫిల్టరు మీద భారం తగ్గుతుంది.
3. గేజి చూస్తూ బైపాస్‌ను కొద్దికొద్దిగా మూయాలి. చివరి ఫిల్టరు తర్వాతి గేజి మీ పొలానికి కావలసిన అంకె చూపగానే ఆపాలి.
4. పది నిమిషాలు ఆగి మళ్లీ గేజి చూడాలి. లేటరల్ పైపులు నిండాక, బోరులో నీరు కొంత దిగాక అంకె మారుతుంది. అప్పుడు మళ్లీ సరిచేయాలి.
5. పొలం చివరి లేటరల్ దగ్గరికి పోయి నీరు కొలవాలి.
6. సరైన చోట వాల్వు పిడి మీద రంగుతో గుర్తు పెట్టుకోవాలి. సెక్షన్‌కు ఒక గుర్తు. గేటు వాల్వు అయితే పూర్తిగా మూసినప్పటి నుంచి ఎన్ని చుట్లు తిప్పాలో హెడ్ యూనిట్ దగ్గర రాసి పెట్టుకోవాలి. కూలి మనిషి నీళ్లు పెట్టినా తప్పు జరగదు.

గేజి లేకపోయినా ఒక కొలత గ్లాసు, ఫోనులో గడియారం ఉంటే డ్రిప్పర్లను పరీక్షించవచ్చు. డ్రిప్పరు కింద మూడు నిమిషాలు గ్లాసు పెట్టాలి. గంటకు 2 లీటర్ల డ్రిప్పరు 100 మిల్లీలీటర్లు, 4 లీటర్లది 200, 8 లీటర్లది 400 ఇవ్వాలి. సెక్షన్‌లో మొదటి లేటరల్‌లో మొదలు, కొస. చివరి లేటరల్‌లో మొదలు, కొస, ఇలా నాలుగు చోట్ల కొలవాలి. తేడా 10 శాతం లోపు ఉంటే అమరిక బాగున్నట్టే.

బైపాస్‌లో ఎంత పోతోందో తెలియాలంటే పైపు కొస కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టండి. ఐదు నిమిషాల్లో నిండితే గంటకు 2,400 లీటర్లు పోతున్నట్టు. ఆ నీరు పైన చెప్పిన లెక్కన 75 బత్తాయి చెట్లకు సరిపోతుంది.

సెక్షన్ మార్చేటప్పుడు, మోటారు ఆపేటప్పుడు

సెక్షన్ మార్చేటప్పుడు ముందు రెండో సెక్షన్ వాల్వు తెరిచి, తర్వాతే మొదటిది మూయాలి. ముందే మూస్తే ఆ కొద్ది క్షణాల్లోనే ప్రెషరు పెరిగి పైపు పగలవచ్చు.

ఆటో స్టార్టరు ఉన్నవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు మోటారు దానంతట అదే నడుస్తుంది. ఆ సమయంలో పొలంలో మనిషి ఉండకపోవచ్చు. సెక్షన్ వాల్వులన్నీ మూసి, బైపాస్ కూడా మూసి ఇంటికి వస్తే నీటికి దారే ఉండదు. బోరు మోటారుకు నీటి కదలికే చల్లదనం. నీరు కదలకుండా నడిస్తే మోటారు వేడెక్కుతుంది. పైపులు పగలకపోతే మోటారు కాలుతుంది. పొలం వదిలి వచ్చేటప్పుడు కనీసం ఒక సెక్షన్ వాల్వు, దాంతోపాటు బైపాస్ తెరిచి రావాలి.

ప్రెషరు తగ్గితే ముందు ముట్టుకోవలసింది బైపాస్ కాదు

నీళ్లు తక్కువగా వస్తున్నాయనగానే బైపాస్ మూసేయడం అలవాటు. అలా చేస్తే అసలు లోపం కనబడకుండా పోతుంది. ముందు రెండు గేజిలు చూడాలి.

ఫిల్టరు ముందు ఎక్కువ, తర్వాత తక్కువ ఉంటే: ఫిల్టరు నిండింది. శుభ్రంగా ఉన్నప్పటి తేడాను రాసి పెట్టుకోండి. ఆ తేడా బాగా పెరిగి అర కిలో దాటితే కడగాలి. జల్లెడ ఫిల్టరును రోజూ ఒకసారి తెరిచి చూడటం మంచిది. ఫిల్టరు నిండి ఉండగా బైపాస్ మూస్తే ఆ ఒత్తిడికి జాలీ చిరుగుతుంది. చిరిగిన జాలీ గుండా పోయిన చెత్త డ్రిప్పర్లలో చేరుతుంది.

రెండు గేజిలూ తక్కువ ఉంటే: పొలంలో ఎక్కడో పైపు ఊడింది, లేదా రెండు సెక్షన్లు తెరిచి ఉన్నాయి, లేదా బైపాస్ వాల్వు లోపల అరిగి మూసినా నీరు వదులుతోంది, లేదా బోరు నీరు తగ్గింది. బైపాస్‌ను పూర్తిగా మూసి పైపు కొసన చూడండి. అప్పటికీ ధార కారుతుంటే వాల్వు మార్చాలి. ధార లేకపోతే పొలంలో లీకులు వెతకాలి. ఇవేవీ కాకపోతేనే బోరు నీరు తగ్గిందని అనుకోవాలి. అప్పుడు సెక్షన్‌ను చిన్నది చేసుకోవాలి.

రెండు గేజిలూ ఎక్కువ ఉంటే: సెక్షన్ వాల్వు పూర్తిగా తెరవలేదు, లేదా డ్రిప్పర్లు ఉప్పు పట్టి మూసుకుపోతున్నాయి, లేదా బోరులో నీటిమట్టం పెరిగింది. డ్రిప్పర్ల కింద గ్లాసు పెట్టి కొలిస్తే మూసుకుపోయినవి తెలుస్తాయి. డ్రిప్పర్లు బాగుంటే బైపాస్ కొంచెం తెరవాలి.

వరుస గుర్తుంచుకోండి. మొదట గేజి, తర్వాత ఫిల్టరు, తర్వాత పొలంలో లీకులు, చివరికి బైపాస్.

కొన్ని పొలాల్లో ఫిల్టరు తరచూ నిండుతోందని జాలీ తీసేయడం, లేదా ఫిల్టరును తప్పించి నేరుగా మెయిన్‌కు పైపు కలపడం కనిపిస్తుంది. ఇది డ్రిప్‌ను చేజేతులా పాడు చేసుకోవడమే. డ్రిప్పరు లోపలి దారి మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. ఒక్క తడిలో పోయిన ఇసుక, నాచు వేల డ్రిప్పర్లలో చేరితే ఏ మందుతోనూ పూర్తిగా వదలదు. ఫిల్టరు నిండటం దాని లోపం కాదు, అది పని చేస్తోందనడానికి గుర్తు. ఒక జాలీ అదనంగా కొని పెట్టుకోండి. ఒకటి కడుగుతుండగా ఇంకొకటి వేయవచ్చు.

వెంచురీ దగ్గరి వాల్వు

వెంచురీని మెయిన్ పైపుకు పక్కదారిగా కలుపుతాం. వెంచురీకి లోపలికి ఒక వాల్వు, బయటికి ఒక వాల్వు, ఆ రెంటి మధ్య మెయిన్ పైపు మీద ఒక వాల్వు ఉంటాయి. కొందరు ఈ మూడో దాన్ని కూడా బైపాస్ అనే పిలుస్తారు. మోటారు దగ్గరి బైపాస్ నీటిని బయటికి వదులుతుంది. ఇది నీటిని బయటికి వదలదు, వెంచురీ గుండా మళ్లిస్తుంది. రెండూ వేరు.

వెంచురీ ఎరువు పీల్చాలంటే దాని ముందు, వెనుక ప్రెషర్లలో తేడా ఉండాలి. సాధారణంగా అర కిలో తేడా అయినా కావాలి. లోపలికి 2.2 కిలోలు, బయటికి 1.6 కిలోలు ఉంటే బాగా పీలుస్తుంది.

1. మొదట మామూలు నీరు పారించి లైను నిండి ప్రెషరు నిలబడే దాకా ఆగాలి.
2. వెంచురీ రెండు వాల్వులు తెరవాలి.
3. మధ్య వాల్వును మెల్లగా మూస్తూ పోవాలి. పీల్పు మొదలుకాగానే ఆపాలి.
4. దీనివల్ల పొలానికి పోయే ప్రెషరు తగ్గుతుంది. మోటారు దగ్గరి బైపాస్‌ను కొంచెం మూసి దాన్ని సరిచేయాలి.
5. ఎరువు అయిపోకముందే పీల్చే పైపు వాల్వు మూయాలి. లేకపోతే గాలి లాగుతుంది.
6. మధ్య వాల్వు పూర్తిగా తెరిచి, వెంచురీ వాల్వులు మూసి, బైపాస్‌ను పాత గుర్తుకు తిప్పాలి. ఇంకో 15 నుంచి 20 నిమిషాలు మంచినీరు పారించాలి.

పీల్చడం లేదంటే ముందు పీల్చే పైపులో గాలి లీకు, దాని చివరి జాలీ చూడాలి. బైపాస్ ఎక్కువగా తెరిచి ఉందేమో చూడాలి. ఒకేసారి ఎక్కువ సెక్షన్లు తెరిచినా తేడా రాదు. ఎరువు నడుస్తుండగా మోటారు ఆగితే నీరు వెనక్కి వచ్చి ఎరువు బకెట్ పొంగిపోతుంది. కరెంటు పోయినా వెంటనే పీల్చే పైపు వాల్వు మూయాలి. అందుకే ఎరువు పెట్టిన గంట మనిషి హెడ్ దగ్గరే ఉండాలి.

ఇంటికి, పశువులకు నీళ్లు తీసేవారికి

పొలంలోనే ఇల్లు కట్టుకున్నవారు డ్రిప్ బోరు నుంచే మిద్దె మీది ట్యాంకుకు లైను తీసుకుంటారు. బైపాస్‌లో వృథా పోయే నీరు ఇలా వాడుకోవడం మంచిదే. కానీ కింది నియమాలు తప్పకూడదు.

- ఇంటి లైను వెంచురీకి, ఫిల్టరుకు ముందే తీయాలి. వెంచురీ తర్వాత ఎక్కడ తీసినా ఎరువు నీళ్లు ఇంట్లోకి వస్తాయి.
- ముందే తీసినా అది చాలదు. మోటారు ఆగినప్పుడు బోరు వైపు ఎన్‌ఆర్‌వీ నీటిని ఆపుతుంది. కానీ పొలం మెట్టగా, ఇల్లు లేదా తొట్టి పల్లంగా ఉంటే డ్రిప్ లైనులోని ఎరువు నీరు వెనక్కి వచ్చి ఇంటి లైనులోకి, బైపాస్‌లోకి దిగుతుంది. అందుకే ఇంటి టీకి, ఫిల్టరుకు మధ్య రెండో ఎన్‌ఆర్‌వీ తప్పనిసరి. చాలా హెడ్ యూనిట్లలో ఇది ఉండదు. ఇంటికి లైను తీసిన రోజే పెట్టించుకోవాలి.
- ఇంటి లైను వేరు, బైపాస్ పైపు వేరు. రెంటికీ విడి వాల్వులు ఉండాలి. ఇంటి ట్యాంకుకు ఫ్లోట్ వాల్వు పెట్టుకోవచ్చు, బైపాస్‌కు కాదు.
- ఎరువు ఇచ్చేటప్పుడు, యాసిడ్‌తో లేదా బ్లీచింగ్‌తో డ్రిప్ శుభ్రం చేసేటప్పుడు ఇంటి లైను వాల్వు మూయాలి. చివరి మంచినీటి తడి అయ్యాకే తెరవాలి.
- ఏడాదికి రెండుసార్లు ఎన్‌ఆర్‌వీలను పరీక్షించాలి. మోటారు ఆపాక ఇంటి లైను, బైపాస్ కొసలు చూడాలి. పైపులో మిగిలిన నీరు కారిపోయాక కూడా ధార ఆగకపోతే ఎన్‌ఆర్‌వీ నీరు వదులుతున్నట్టే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, యూరియా, పొటాషియం నైట్రేట్, కాల్షియం నైట్రేట్ వంటి ఎరువులు నీటిలో పూర్తిగా కరిగిపోతాయి. రంగు మారదు, వాసన రాదు. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం. నైట్రేట్ ఎక్కువైన నీటితో కలిపిన డబ్బా పాలు తాగే పసిబిడ్డల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. యూరియా కలిసిన నీరు తాగిన పశువులకు కూడా ప్రాణాపాయం. ఇంటి నీరు కాచినంత మాత్రాన నైట్రేట్ పోదు. బోరు నీరు తాగేవారు ఏడాదికోసారి నైట్రేట్, ఫ్లోరైడ్ పరీక్ష చేయించుకోవాలి.

ఇంట్లో నీటి ఫిల్టరు లేదా ఉప్పు నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ ఉంటే దానికీ మూడు వాల్వుల బైపాస్ పెట్టించుకోవడం మంచిది. లోపలికి ఒకటి, బయటికి ఒకటి, పక్కదారికి ఒకటి. శుభ్రం చేసేటప్పుడు మొదటి రెండూ మూసి మూడోది తెరిస్తే ఇంటి వాడకానికి నీరు ఆగదు. పని అయ్యాక పక్కదారి వాల్వు పూర్తిగా మూయాలి. సగం తెరిచి వదిలేస్తే శుద్ధి కాని నీరు కలుస్తూనే ఉంటుంది. పెరటి మొక్కల కుళాయి సాఫ్ట్‌నర్‌కు ముందే తీయాలి. సాఫ్ట్‌నర్ దాటిన నీటిలో సోడియం ఎక్కువ. అది మొక్కలకు, నేలకు మంచిది కాదు.

గుర్తుంచుకోవలసినవి

- మోటారు వేసే ముందు: సెక్షన్ వాల్వు తెరిచి ఉందా, బైపాస్ తెరిచి ఉందా, వెంచురీ వాల్వులు మూసి ఉన్నాయా చూడాలి.
- మోటారు నడుస్తుండగా: రెండు గేజిలు చూడాలి, బైపాస్‌ను మెల్లగా తిప్పాలి, చివరి లేటరల్ దగ్గర నీరు కొలవాలి.
- ఆపే ముందు: ఎరువు పెట్టిన రోజు మంచినీరు పారించాలి, బైపాస్ తెరిచి ఉంచాలి.
- వారానికోసారి: బైపాస్ వాల్వును పూర్తిగా మూసి, తెరిచి చూడాలి. తిప్పకుండా వదిలేసిన వాల్వు బిగుసుకుపోతుంది.
- కాలం మారినప్పుడు: గుర్తులు కొత్తగా పెట్టుకోవాలి.

ఒక ప్రెషర్ గేజి, ఒక ఎన్‌ఆర్‌వీకి అయ్యే ఖర్చు కొత్త బోరు ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు. సూక్ష్మసేద్య పథకం కింద డ్రిప్ అమర్చుకున్న రైతులు తమ డిజైను కాగితం తీసుకుని ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో రైతు వేదిక దగ్గర గానీ, మండల ఉద్యాన అధికారిని గానీ సంప్రదిస్తే మీ సెక్షన్లకు తగిన ప్రెషరు, బైపాస్ అమరిక వివరాలు తెలుసుకోవచ్చు.